పట్టపగలు మూసిన తలుపు

2020 డిసెంబరు ఏడో తేదీ, సోమవారం. ఆ ఉదయం లింగమూర్తి ఇంట్లో సర్వపిండి, చింతకాయ తొక్కు. సర్వపిండి ఒక పక్క మాడింది. మాడిన పక్క తన పళ్లెంలో వేసుకుని, ఎర్రగా కాలిన పక్క భర్తకు పెట్టింది వెంకటవ్వ. ఆ రోజు ఎవరూ తప్పుగా అనుకోనిది అదొక్కటే.

లింగమూర్తి సూరత్‌లో ఒక మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. కోసాడ్ కాలనీలో కింది అంతస్తు ఇల్లు. గడప దాటితే రోడ్డు. పొద్దున బట్టల లారీలు, హజీరా వెళ్లే కంపెనీ బస్సులు, ఆటోలు ఒకదాని వెనక ఒకటి, ఇంజన్లు ఆపకుండా ఆ గడప ముందే నిలబడేవి. లాక్‌డౌన్ వేసవిలో బండ్లు ఆగితే అతని దగ్గు కూడా ఆగింది. బండ్లు తిరిగొచ్చాయి, దగ్గు వాటి వెనకే వచ్చింది.

దగ్గు వస్తే ఓర్చుకునేవాడే. కానీ ఆ రోజుల్లో కార్ఖానా గేటు దగ్గర దగ్గినవాణ్ణి ఇంటికి పంపి, అతని మగ్గాల మీద మరొకణ్ణి నిలబెట్టేవారు. సూపర్‌వైజర్ ఓంప్రకాష్ కూడా అతనిలాగే సిరిసిల్ల వైపువాడు. అందుకని ముందుగానే చెప్పాడు. "కాకా, ఇంకోపాలి గేటు కాడ దగ్గినవంటే నీ సాంచాలు పోతయి. ఎనుక నన్ను అనద్దు."

అందుకే ఆదివారం అడాజన్ వెళ్లి, కొత్తగా వచ్చిన తెలుగు డాక్టరమ్మ పద్మారాణికి చూపించుకున్నాడు. ఆమె స్టెతస్కోపు బిళ్లను కాసేపు అరచేతిలో పట్టుకుని, చల్లదనం పోయాకే అతని ఛాతీ మీద పెట్టింది. దగ్గు ఎప్పుడొస్తుంది, ఎక్కడ తగ్గుతుంది అని అడిగింది.

"ఇది కరోనాలా లేదు, రోడ్డు పొగ. ఇలాగే పీలిస్తే ఊపిరితిత్తులతో ఆగదు, గుండె దాకా పోతుంది. గుడ్డ మాస్కు సన్నటి పొగను ఆపదు. చలికాలం పొద్దున పొగ కిందనే ఉంటుంది కాబట్టి, బండ్లు ఎక్కువున్నప్పుడు రోడ్డు వైపు తలుపు మూసేయండి. ఎండెక్కాక తీయండి. పనికి లోపలి సందుల్లోంచి నడవండి."

సోమవారం ఆ ప్రకారమే చేశారు. రోడ్డు వైపు తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ దోపింది వెంకటవ్వ. లింగమూర్తి ముఖానికి తువ్వాలు చుట్టుకుని వెనక తలుపులోంచి సందులోకి దిగాడు.

ఇక్కడే తప్పు జరిగింది. ఆ ఇళ్ల వరుసలో అందరూ కరీంనగర్ వైపువాళ్లు. పొద్దున తెరిచిన తలుపు దీపాలు పెట్టేదాకా మూయరు. పగలు తలుపు మూసి ఉందంటే ఇంట్లోవాళ్లు ఊరికైనా పోయుండాలి, లేదా దాచుకోవలసినదేదో ఇంట్లో ఉండాలి. వెంకటవ్వ ఊరికి పోలేదని పక్కింటి ఎల్లవ్వకు తెలుసు. పైగా లింగమూర్తి ముఖం కప్పుకుని, దొడ్డిదారిన, ఎవరినీ పలకరించకుండా పోవడం ఆమె కళ్లారా చూసింది.

ఎల్లవ్వ మంచి మనిషి. మిరియాల కషాయం కాచి గడప మీద పెట్టి, దూరంగా జరిగి పిలిచింది. లారీల వేళ కాబట్టి వెంకటవ్వ లోపలినుంచే జవాబిచ్చింది. "ఇప్పుడు తలుపు తియ్యద్దన్నది అక్కా డాక్టరమ్మ."

ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు. ఆ వరుసకు పెద్దమనిషిలా తిరిగే అంబదాస్ సంగతిని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది ఊరు చేరేసరికి లింగమూర్తికి ఆక్సిజన్ పెట్టారు. వెంకటవ్వ అక్క బాలవ్వ ఊరినుంచి ఫోన్ చేసి ఏడ్చింది. ఆయన పనికి పోయాడని వెంకటవ్వ చెబితే, దుఃఖంతో చెల్లెలికి మతి చెడిందని ఇంకా గట్టిగా ఏడ్చింది.

లింగమూర్తి మాత్రం ఆ రోజు దగ్గకుండా గేటు దాటాడు. ఎన్నో నెలల తర్వాత మెడ నిటారుగా పెట్టి మగ్గాల మధ్య నిలబడ్డాడు. మధ్యాహ్నం ఓంప్రకాష్ ఫోన్ పట్టుకుని వచ్చి, లింగమూర్తి పరిస్థితి విషమంగా ఉందని లింగమూర్తికే చదివి వినిపించాడు.

"నేను మంచిగనే ఉన్న గద బిడ్డా."

"నువ్వు మంచిగున్నవని నాకు ఎర్కే కాకా. కానీ గ్రూపుల వచ్చింది. రిపోర్టు తెచ్చుకో, అప్పటిదాక నీ సాంచాలు ఎవలకియ్యకుంట ఆపుత."

ఇంటికొచ్చేసరికి, ఎవరో ఫోన్ చేస్తే వచ్చిన కార్పొరేషన్‌వాళ్లు తెల్ల దుస్తుల్లో నిలబడి ఉన్నారు. లింగమూర్తి ముక్కులో పుల్ల పెట్టి, అతన్ని ఎవరెవరు కలిశారని వరుసంతా అడిగారు. ఒక్కొక్కరూ తమకు పడనివాళ్ల పేర్లు చెప్పారు. అలా ఎవరూ మిగలకపోవడంతో రోడ్డుకు రెండు వైపులా వెదురు బొంగులు కట్టేశారు.

లారీలు, బస్సులు వేరే దారి పట్టాయి. రెండు రోజులకు గాలి తేటపడింది. ఎల్లవ్వ మనవరాలు హిమశ్రీ ఛాతీలో పిల్లికూతలు లేకుండా నిద్రపోయింది. ఆ పిల్ల నిద్రపోవడం వింతలా చూస్తూ ఎల్లవ్వ రాత్రంతా మేలుకుంది. లింగమూర్తి దగ్గు పోయింది. అన్ని తలుపులతో పాటు అతని తలుపు కూడా పగలంతా బార్లా తెరిచే ఉంది. ఆడవాళ్లు నడిరోడ్డు మీద కూర్చుని బియ్యం ఏరారు.

చివరికి ఫలితం వచ్చింది. ఆ కబురు తెచ్చిన అంబదాస్ మొహం దిగులుగా ఉంది.

"బావా, నీకేం లేదట."

"మంచిదే గదరా."

"మంచిదే. కానీ రేపు బొంగులు పీకుతరట. ఇంకో వారం నువ్వు జర దగ్గుతే ఏం పోతది?"

"ఎట్ల దగ్గాల్రా, పొగ లేకపాయె."

మర్నాడు బొంగులు పీకారు. వాటినే తీసుకెళ్లి, నిజంగా రోగి దొరికిన వెనక సందుకు అడ్డంగా కట్టారు. లింగమూర్తికి పెద్ద రోడ్డే దారయింది. ఇన్నాళ్లూ దారి తప్పిన లారీలన్నీ ఆ ఉదయమే తిరిగొచ్చినట్టున్నాయి. రిపోర్టు చేతిలో పట్టుకుని, గేటు దాకా ఊపిరి బిగబట్టి నడిచాడు. గేటు దగ్గర, కార్ఖానా యజమాని సేఠ్ ఎదురుగానే, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

ఓంప్రకాష్ రిపోర్టును రెండుసార్లు చదివాడు. "ఇండ్ల కరోనా లేదని ఉన్నది. మరి ఈ దగ్గేంది కాకా?"

"రోడ్డుది."

ఓంప్రకాష్ సేఠ్ వైపు చూశాడు. సేఠ్ తల అడ్డంగా ఊపి లోపలికి పోయాడు.

"కరోనాకైతే సెలవున్నది కాకా," అన్నాడు ఓంప్రకాష్ నేల చూస్తూ. "రోడ్డుకు లేదు."

ఆ సాయంత్రం, సాంచాలు పోయిన లింగమూర్తి ఇంట్లో కూర్చుని ఉంటే గోడ అవతలినుంచి హిమశ్రీ పిల్లికూతలు వినిపించాయి. పొగ సంగతి ఇప్పుడు వరుసలో అందరికీ తెలుసు. అయినా ఒక్క తలుపూ మూసి లేదు. మూస్తే మళ్లీ ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారోనని భయం. వెంకటవ్వ కూడా తలుపు తెరిచే ఉంచి, పొగలోనే వంట చేసి, భర్త చేతికి వేడినీళ్ల గ్లాసు ఇచ్చింది.

దీపాలు పెట్టాక, వరుసలో మిగతా తలుపులు ఒక్కొక్కటే పడ్డాక, ఆమె లేచి గడియ చప్పుడు కాకుండా తలుపు మూసి తడిగుడ్డ దోపింది. రాత్రి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.