చదవకుండా మెచ్చుకునే పాఠకుడు

మొన్న సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి నా బ్లాగులో నేను రాయని వ్యాసాన్ని ఒకడు చదివేసి, బాగుందని మెచ్చుకున్నాడు.

రాయనిది అంటే నిజంగానే రాయనిది. శీర్షిక టైప్ చేశాను. దాని కింద వ్యాసం మొదలుపెట్టేలోపు వేలు జారి పబ్లిష్ బటన్ మీద పడింది. శీర్షిక కింద అంతా తెల్లటి ఖాళీ. తీసేద్దామని మౌస్ కదిపేలోపే కామెంటు వచ్చేసింది.

"అద్భుతం. ముఖ్యంగా చివరి పేరా కదిలించింది."

రెండే సెకన్లు. టైమ్ చూశాను కాబట్టి చెబుతున్నాను. కామెంటు పెట్టింది నా చిన్ననాటి స్నేహితుడు, పళ్ళ డాక్టరు. ఆరేళ్ళుగా నా బ్లాగుకి మొదటి పాఠకుడు వాడే. వాడి వెనకే మరో ఏడుగురు వస్తారు. వెరసి ఎనిమిది మంది అభిమానులు. వచ్చే ఆదివారం వాళ్ళందరితో పాఠకుల సమావేశం పెట్టుకున్నాను. మా అపార్ట్‌మెంట్ మీటింగ్ హాలు అడిగి తీసుకున్నాను, కుర్చీలు తుడిపించాను. ఎనిమిది మందీ తప్పకుండా వస్తామని రాశారు. ఇలాంటి సమయంలో మొదటి పాఠకుడి మీదే అనుమానం వస్తే మనిషి ఏమైపోవాలి?

మా మేనకోడలిని పిలిపించాను. ఆ అమ్మాయి ప్రోగ్రామర్. కంప్యూటర్ ముందు కూర్చుని ఏవో నాలుగు పేజీలు తెరిచి మూసింది.

"మామయ్యా, ఇది మనిషి టైప్ చేసిన కామెంటు కాదు. ఆయన నీ పేజీ తెరవనే లేదు."

"తెరవకుండా చివరి పేరా ఎలా కదిలించిందే?"

"అసలు చివరి పేరా ఉందా?"

అప్పుడు వివరించింది. ప్రోగ్రామర్లు లైబ్రరీ అని పిలిచేది ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ కట్టనట. దాన్ని తెచ్చుకుని మనం పది లైన్లు కలుపుకుంటే చాలు, బ్లాగు ముఖం చూడకుండా దూరం నుంచే దాన్ని ఏలవచ్చు. పోస్టు పెట్టొచ్చు, దిద్దొచ్చు, తీసేయొచ్చు, కామెంటు చెయ్యొచ్చు. కొత్త పోస్టు పడగానే డాక్టరు క్లినిక్‌లో ఉన్న కంప్యూటర్ దానంతట అదే ఓ పొగడ్తను ఎంచుకుని పంపుతుంది.

"మిగతా ఏడుగురినీ చూడనా?" అంది.

"వద్దు. అతిథుల్ని అనుమానించడం మర్యాద కాదు."

"నీ ఇష్టం. కుర్చీలు మాత్రం మరీ ఎక్కువ వెయ్యకు."

పాఠక మహాశయులారా, మొదట నాకూ కోపం వచ్చింది. మధ్యాహ్నం దాకా ఉంది కూడా. భోంచేసి తీరిగ్గా ఆలోచిస్తే, ఇంత గొప్ప వరం మనకి ఇంత ఆలస్యంగా ఎందుకు దక్కిందా అనిపించింది.

చదివే పాఠకుడు ఎంత ప్రమాదకరమైనవాడో మీకు తెలుసా? నాకు ఒకడు తగిలాడు. "మూడో పేరాలో పోయిన మీ బాబాయి ఐదో పేరాలో బస్సెలా ఎక్కారండీ?" అని అడిగాడు. ఆయన్ని బస్సు దించడానికి నాకు ఒక పూట పట్టింది. మా ఆవిడ కూడా ఒకే ఒక్క వ్యాసం చదివింది. "ఇందులో నోటి దురుసు ఇల్లాలు ఎవరండీ?" అంది. ఆ వారమంతా నా కాఫీ నేనే కలుపుకున్నాను. ప్రోగ్రాం ఎప్పుడైనా ఇలాంటి ప్రశ్నలు వేసిందా? దానికి బాబాయిలు లేరు, అనుమానాలు లేవు. కదిలిపోవడం ఒక్కటే దాని పని.

మా మేనకోడలి ఆఫీసునే చూడండి. ప్రతి సోమవారం మేనేజరుగారు కంపెనీ బ్లాగులో ఉత్తేజకరమైన సందేశం పెడతారు. మూడు వందల మంది ఉద్యోగులు ఉత్తేజపడాలి. పూర్వం అందుకు సగం రోజు పోయేదట. ఇప్పుడు మూడు వందల ప్రోగ్రాములు ఒక్క నిమిషంలో ఉత్తేజపడి ఊరుకుంటున్నాయి. సందేశం పెట్టేది కూడా ప్రోగ్రామేనని ఈమధ్యే బయటపడింది. అంటే ఆ ఒక్క నిమిషం తప్ప వారమంతా అందరూ హాయిగా పని చేసుకోవచ్చు! ఏ సంస్కరణ ఇంత మేలు చేసింది?

మా పక్క వాటాలో భార్యాభర్తలకి కలిపి ఒక ప్రయాణాల బ్లాగు ఉంది. పోయిన నెల గొడవపడ్డారు. భర్త ఒక్క లైను కోడ్ రాసి ఏడేళ్ళ ప్రయాణాల్లోంచి భార్యను తీసేశాడు. సాయంత్రానికి రాజీ కుదిరింది, మరో లైను రాసి వెనక్కి పెట్టేశాడు. ఇదివరకు ఆల్బమ్‌లు చించాలంటే చేతులు నొప్పి పుట్టేవి, అతికించాలంటే జిగురు దొరికేది కాదు.

ఈ సదుపాయం ఇంట్లోకి కూడా రావాలని నా కోరిక. మా ఆవిడ తన చెల్లెలి అత్తగారి సంగతులు చెబుతున్నప్పుడు రెండు నిమిషాలకోసారి "అలాగా" అనే ప్రోగ్రాం ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది? అదే మాట ఆవిడతో అంటే, "మీకు అది పెళ్ళినాడే వేసి పంపారు కదండీ" అంది.

ఇంతటి ఉపకారికి స్వయంగా కృతజ్ఞతలు చెప్పాలి కదా? బుధవారం క్లినిక్‌కి వెళ్ళాను. ఊరికే వచ్చానంటే బాగుండదని పన్ను లాగుతోందన్నాను. అంతే, వాడు నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, నోట్లో దూది కుక్కి, గొట్టం తగిలించి, డ్రిల్ తిప్పడం మొదలెట్టాడు. ప్రశ్నలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. జేబులోంచి ఫోన్ తీసి ఆ ఖాళీ పోస్టూ కామెంటూ వాడి ముఖానికి చూపించాను.

వాడు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. డ్రిల్ ఆపాడు.

"దొరికిపోయానా? సరే, నోరు మూయకు, అలాగే ఉంచు. మా అమ్మాయి చేత పెట్టించాను, నాలుగేళ్ళయింది. మొదటి రెండేళ్ళూ నిజంగానే చదివానురా, ఒట్టు. నువ్వు వారానికి మూడు రాస్తావు, నాకు రోజుకి పాతిక నోళ్ళు. పోనీ ఊరుకుందామంటే ఫోన్ చేసి చదివి వినిపిస్తావు. ఓసారి వినిపించావు గుర్తుందా? నువ్వు ముగించేసరికి ఈ కుర్చీలో ఉన్నాయనకి మత్తు దిగిపోయింది."

నేను ఏడు వేళ్ళు చూపించాను.

"వాళ్ళా? వాళ్ళూ నేనే. ఒక్కడు మెచ్చుకుంటే నీకు ఆనదు కదా. ఒకణ్ణి లెక్చరర్ని చేశాను, ఒకణ్ణి రిటైరైన ఇంజనీర్ని చేశాను. విసుగు రాకుండా నీతో విభేదించడానికి ఒక లాయర్ని కూడా పెట్టాను. వాడికి నువ్వు ఆరు పేజీల జవాబు రాశావట. అదీ చదవలేదు. ఆదివారం వస్తామన్నది కూడా ఆ ప్రోగ్రామే. నేనైతే వస్తాలే, ఏదో ఒక కుర్చీ చూపించు.

"కదలకు, ఇంకోటి కూడా చెప్పేస్తా. ఈ బ్లాగు మొదలెట్టక ముందు సాయంత్రాలు వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేవాడివి. ఇప్పుడు ఎలా ఉన్నావురా అంటే లింకు పంపిస్తున్నావు. పోయినేడాది నా గుండెకి స్టెంట్ వేశారు. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నీకు ఎవరూ చెప్పలేదు, నేనే వద్దన్నాను. ఆ పది రోజులూ నా కామెంట్లు నీకు టంచనుగా అందాయి, ఇక నీకు అనుమానం ఎందుకొస్తుంది? ప్రోగ్రాం ఆపెయ్యమని మా అమ్మాయితో అందామనుకున్నా. ఒక్క రోజు ఆగితే చాలు, నువ్వే పరిగెత్తుకొస్తావని తెలుసు. ఆపించలేదు. వచ్చి, కామెంటు ఎందుకు పెట్టలేదురా అని అడుగుతావేమోనని భయమేసింది."