ఫుసాయె వేసిన వల

ఇంటి బూజులన్నీ దులిపాక, కాగితం తలుపులకు పాత కాగితం పీకేసి కొత్తది అంటించాలని కోసాకుగారు పొద్దున్నే జిగురు కలుపుకుని కూర్చున్నారు. బయట చూరుకు ఉప్పు పట్టించిన సాల్మన్ చేపలు తలకిందులుగా వేలాడుతున్నాయి. వంటింట్లో ఆయన భార్య ఫుసాయె నల్ల చిక్కుళ్లు ఉడకబెడుతోంది. కొత్త సంవత్సరం గుమ్మంలోకి వచ్చేసింది. ఆ ఇంట్లో ఆ పూటకు అంతకుమించి ఏ ఆలోచనా లేదు.

ఫోను మోగింది.

"అక్కా, నేనే," అంది ఓ బొంగురు గొంతు. "జలుబు చేసిందిలే. నంబరు మార్చాను. బావగారికి ఇప్పుడే చెప్పకు. పండగలోగా నిన్నొకటి అడగాలి."

"పొయ్యి మీద చిక్కుళ్లున్నాయి, కాసేపాగి చెయ్యి," అని ఫుసాయె ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. కళ్లు మెరిసిపోతున్నాయి. "ఏవండీ, వచ్చింది! మన ఇంటికీ వచ్చింది!"

వచ్చింది మోసగాళ్ల ఫోనని ఆవిడ ఉద్దేశం. మొన్ననే ఇవాకీ అనే కుర్ర కానిస్టేబుల్ పేట జనాన్ని కూర్చోబెట్టి పండగ మోసాల గురించి గంటసేపు చెప్పి వెళ్లాడు. పేరు చెప్పకుండా "నేనే" అంటారు, జలుబంటారు, నంబరు మారిందంటారు, ఎవరికీ చెప్పొద్దంటారు, పండగలోగా కావాలంటారు. ఒక్కటీ తక్కువ కాలేదు.

"నిజంగా మీ చెల్లెలేనేమోనే," అన్నారు కోసాకుగారు నసుగుతూ.

"కినుయోనా? నాకు ఫోన్ చేసేంత మనసు దానికెక్కడ ఏడ్చింది!"

కినుయో దూరాన సముద్రం ఒడ్డున ఉన్న తొత్తొరి ఊరికి కోడలిగా వెళ్లింది. ఏళ్ల కిందట ఒక పండక్కి పుట్టింటికొచ్చి, సాల్మన్ ముక్కలు పడాల్సిన పండగ పులుసులో అత్తవారి పద్ధతిలో ఎర్ర చిక్కుళ్లూ పంచదారా పోసింది. "అమ్మ చూస్తే గుండె ఆగేది," అంది అక్క. "అమ్మే ఉంటే రెండు గిన్నెలు తాగేది," అంది చెల్లెలు. అంతే, ఆనాటితో మాటలు పోయాయి. కానీ ఏటా పండగ పూట ఫుసాయె ఒక గిన్నె ఎక్కువ తీసి, తుడిచి, మళ్లీ అలమరలో పెట్టేస్తుంది. కోసాకుగారు అది చూడనట్టు ఊరుకుంటారు.

కబురందగానే ఇవాకీ ఇంకో కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొచ్చాడు. "మోసపోయినట్టు నటించండమ్మా. అదే మా పద్ధతి. ఎక్కువ మాట్లాడొద్దు. 'డబ్బు సిద్ధం చేస్తాను, ఇంటికి రా.' ఈ రెండు ముక్కలు చాలు."

మళ్లీ ఫోను మోగింది. ఫుసాయె రెండు ముక్కలూ చెప్పింది.

"డబ్బా?" అంది అవతలి గొంతు. తర్వాత చప్పుడు లేదు.

చేప వదిలించుకుపోతోందని ఫుసాయె కంగారుపడింది. ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. "పెట్టెయ్యకే! తప్పు నాదే. నోరు జారాను. నువ్వు లేని పండగ నాకు పండగలానే లేదు. నీ గొంతు వినకుండానే పోతానేమోనని భయంగా ఉందే. ఒక్కసారి రా, కినూ!"

కోసాకుగారి చేతిలో కుంచె చేతిలోనే ఉండిపోయింది. జిగురు మోకాలి మీద కారుతున్నా తెలియలేదు. పెళ్లయిన నాటినుంచి ఆవిడ నోట "తప్పు నాదే" అన్న మాట ఆయన వినలేదు. ఇంత నటి తన వంటింట్లో చిక్కుళ్లు ఉడకబెడుతోందని ఇన్నాళ్లూ గుర్తించనందుకు ఆయనకు ఒళ్లు జలదరించింది. ఇవాకీ అయితే టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"రేపు మధ్యాహ్నానికల్లా వస్తున్నా," అని అవతల పెట్టేశాక, ఫుసాయె ఫోను దించి ముక్కు చీదింది. "ఎలా ఉంది? పడిందంటారా?"

"అమ్మా, నేనైతే పడిపోయాను," అన్నాడు ఇవాకీ.

మర్నాడు మధ్యాహ్నం పోలీసులిద్దరూ కాగితం తలుపు వెనక పరుపుల అలమరలో దూరారు. నల్ల బట్టలు, ముఖానికి మాస్కు, చేతిలో పెద్ద పెట్టెతో ఒకావిడ వీధి మలుపు తిరిగింది. గుమ్మం పక్కన పలక మీది ఇంటి పేరు రెండుసార్లు చదువుకుంది. గంటైనా కొట్టకుండా లోపలికి పరుగెత్తుకొచ్చి అరిచింది. "అక్క ఎక్కడ? బతికే ఉందా?"

"కదలొద్దు!" అంటూ ఇవాకీ దూకాడు. దూకినవాడు కోసాకుగారు అంటించిన కొత్త కాగితాన్ని చీల్చుకుని ఇవతలికొచ్చాడు. పెట్టె కిందపడి మూత ఊడింది. రంపపు పొట్టు దులుపుకుంటూ ఒక పీత బయటికొచ్చింది. పీత అంటే అలాంటిలాంటిది కాదు. కాళ్లు చాపితే చాప సగం నిండింది. పట్టుకునేవాళ్లూ, పట్టుబడాల్సినావిడా కూడా ఒక్క క్షణం నోళ్లు తెరిచి దాన్నే చూశారు.

అప్పుడావిడ మాస్కు లాగేసింది. ముక్కు అచ్చం ఫుసాయెదే.

"కినూ!"

"మంచాన పడ్డావనుకున్నానే! డబ్బిస్తానన్నావు, తప్పు నాదే అన్నావు. నువ్వు అలా మాట్లాడితే ఇంకేమనుకోను? రాత్రంతా రైళ్లు మారి వచ్చాను!"

ఇవాకీ నీళ్లు నములుతూ తమ పద్ధతి గురించి చెప్పాడు. వింటున్నకొద్దీ కినుయో ముఖం వాడిపోయింది. ఖాళీ పెట్టె చంకలో పెట్టుకుంది.

"అయితే అదంతా నటనేనన్నమాట. నేను అడగాలనుకున్నది ఒక్కటే, పండక్కి రానిస్తావా అని. జవాబు తెలిసిందిలే, వెళ్తాను."

ఫుసాయె నడుముకు కట్టిన వంటగుడ్డ నలుపుకుంటూ నిలబడింది. నిన్న ధారగా మాట్లాడిన మనిషికి ఈ రోజు ఒక్క ముక్కా దొరకలేదు. కోసాకుగారికి అర్థమైంది. ఇప్పుడిది గుమ్మం దాటితే మళ్లీ రాదు.

"అమ్మా," అన్నాడు ఇవాకీ కాగితం పీలికలు జుట్టులోంచి తీసుకుంటూ, "నేను చెప్పమన్నది రెండు ముక్కలేనండీ. డబ్బు సిద్ధం చేస్తాను, ఇంటికి రా, అని. మిగతాదేదీ నేను నేర్పలేదు."

కినుయో గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "మరి నటన ఏదే అక్కా?"

ఫుసాయె వంటగుడ్డతో ముక్కు తుడుచుకుంది.

"డబ్బిస్తానన్నాను చూడు, అదొక్కటే."

పెట్టె మళ్లీ కిందపడింది. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు. కోసాకుగారు ముఖం అటు తిప్పుకుని, చిరిగిన తలుపును చేత్తో తడుముతూ తానూ ఏడ్చేశారు.

పండగ మోసగాళ్ల కోసం కాపు కాసిన పోలీసులిద్దరూ ఆ సాయంత్రం పట్టుకోగలిగింది ఒక్క పీతను మాత్రమే.