నాలుగు పేజీల కుర్చీ బిల్లు

శాసనసభలో బిల్లుల చిత్తుప్రతులు సరిచూసే సెక్షన్ ఆఫీసరును అందరూ కామాగారు అనేవారు. కామా పడాల్సిన చోట పడకపోతే ఆయనకు అన్నం సహించదు. సమావేశాల ఆఖరి రోజు పొద్దున ఆయన పథకం చాలా చిన్నది. పదిన్నరకల్లా కాపీలు సభ్యులకు చేర్చి, మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి, భార్యను కాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆమె పద్దెనిమిదేళ్లుగా ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. అక్కడ కొనేవాళ్లకు మెత్తటి సోఫాలున్నాయి, అమ్మేవాళ్లకు ముక్కాలి పీట కూడా లేదు. రోజుకు పది గంటలు నిలబడీ నిలబడీ ఆమె పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి.

"మీ సభలో అందరికీ కుర్చీలున్నాయి కదండీ. అందుకే నిలబడేవాళ్ల సంగతి ఎవరికీ తట్టదు," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ.

"తట్టింది. ఇవాళే వస్తోంది బిల్లు. ఒకటి కాదు, రెండు," అన్నాడాయన.

ఆ రెండు దగ్గరే ఉంది చిక్కంతా. ఒకటి అధికారపక్షం టీచరమ్మది. ముప్పై ఏళ్లు నల్లబల్ల ముందు నిలబడిన మనిషి కాబట్టి, నిలబడి పనిచేసే ప్రతివారికీ కుర్చీ ఇవ్వాలని రాసింది. కానీ ఇవ్వని యజమానిని ఏం చేయాలన్నప్పుడు మనసొప్పక, "కోరడమైనది" అని వదిలేసింది. రెండోది ప్రతిపక్షం వకీలుగారిది. అందులో ముప్పై రోజుల్లో కుర్చీ వేయకపోతే షాపు లైసెన్సు ఆపేస్తామని గట్టిగా ఉంది, కానీ అది బట్టల షాపులకే పరిమితం. ఎవరి బిల్లును వాళ్లు నెగ్గించుకుని అవతలివాళ్లది ఓడించాలని ఇరుపక్షాలూ ముందే తీర్మానించుకున్నాయి. పైగా ఆ ఇద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. నిండుసభలో టీచరమ్మ ఒకసారి వకీలుగారి వ్యాకరణం దిద్దింది.

ఆ ఉదయం కామాగారు తన కళ్లజోడనుకుని భార్య కళ్లజోడు జేబులో వేసుకుని వెళ్లాడు. రెండూ ఒకే షాపులో ఒకే రోజు కొన్నవి, ఒకే నల్ల ఫ్రేము. ఆఫీసులో కాగితాలు తీస్తే అక్షరాలు చీమల బారుల్లా కదిలాయి. ప్రింటరులో సిరా అయిపోవచ్చిందనుకున్నాడే గానీ కళ్లజోడును అనుమానించలేదు. రెండు బిల్లులకూ పేరొకటే, రెంటికీ నాలుగేసి పేజీలు. టీచరమ్మ మొదటి రెండు పేజీలకు వకీలుగారి చివరి రెండు పేజీలు చేర్చి పిన్ను కొట్టాడు. మిగిలినవి కలిపి ఇంకో పిన్ను కొట్టి, రెండూ కాపీల గదికి పంపాడు. అక్కడి ఆపరేటరుకు రెంటి మీదా అదే పేరు, మొదట్లో ఒకరి పేరూ చివర్లో ఇంకొకరి సంతకమూ కనిపించాయి. ఒకే బిల్లును పొరపాటున రెండుసార్లు పంపారనుకుని, పైనున్నది మాత్రం రెండు వందల కాపీలు తీసి పంచేశాడు.

సభ్యుల బల్లల మీద ఒక్క బిల్లే కనిపించింది. ముందు టీచరమ్మ పేరు, వెనక వకీలుగారి సంతకం. అధికారపక్షం విప్పు తెల్లబోయాడు. తనకు చెప్పకుండా పైవాళ్లు రాజీ కుదుర్చుకున్నారన్నమాట. తనకు తెలియదంటే పరువు పోతుందని, అడిగినవాళ్లందరికీ వారం నుంచి మాట్లాడుతున్నామని చెప్పాడు. అవతలివైపు ఉపనాయకుడు ఇంకో అడుగు ముందుకేసి, వాళ్లను ఒప్పించేసరికి తన గొంతు పోయిందన్నాడు. ఎవరికీ ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

పదకొండింటికి కామాగారి భార్య ఫోన్ చేసింది. "ఏవండీ, నా కళ్లజోడు మీ దగ్గరుంది. టేపు మీద అంకెలు ఆనక మూడు మీటర్లకు రెండున్నరే కోశాను."

కామాగారు ఫోన్ పెట్టేశాడు. ఫైలు కాపీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చెయ్యంత దూరంలో పట్టుకుని చదివాడు. రెండో పేజీకీ మూడో పేజీకీ పొంతన లేదు. పరుగున వెళ్లి విప్పును పట్టుకుని పేజీలు కలిసిపోయాయని చెప్పబోయాడు. విప్పు పెదవుల మీద వేలుంచి, కలిసిపోయిన సంగతి తనకు తెలుసుననీ, బయటికి పొక్కనివ్వొద్దనీ గుసగుసలాడాడు. టీచరమ్మ చూశానంది, కామాలన్నీ బాగున్నాయంది. వకీలుగారు కాగితం మీంచి తలెత్తకుండానే వెళ్లి మంచినీళ్లు తాగమన్నారు.

చివరి ఆశగా స్పీకరుకు చీటీ రాశాడు: ఈ బిల్లును ముందుగా ఆపవలెను. ఆ కళ్లజోడుతో రాసిన రాత కోడిగీతలే. స్పీకరు చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు బిల్లు అన్న మాటా, ముందుగా అన్న మాటా మాత్రమే అర్థమయ్యాయి. సాయంత్రం రావాల్సిన బిల్లును అప్పటికప్పుడే చర్చకు పిలిచాడు.

చర్చ తొమ్మిది నిమిషాలు సాగింది. తామే కుదిర్చామని చెప్పుకున్న రాజీని తామే ఎలా కాదంటామని ఎవరూ నోరెత్తలేదు. వ్యతిరేకించేవారెవరని స్పీకరు అడిగినప్పుడు ఒక్క చెయ్యీ లేవలేదు. అందరికంటే గట్టిగా బల్ల చరిచింది విప్పే.

కామాగారు సెక్షన్‌కు తిరిగొచ్చి రాజీనామా రాశాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క కామా కూడా తప్పనివ్వని మనిషి ఇవాళ ఏకంగా పేజీలే తప్పించాడు. ఆ కాగితం పట్టుకుని కమిటీ గదికి వెళ్లాడు. పొడుగాటి బల్లకు ఈ కొసన టీచరమ్మ, ఆ కొసన వకీలుగారు కూర్చుని బిల్లు ప్రతుల మీద సంతకాలు చేస్తున్నారు. కళ్లజోడు మొదలు చీటీ దాకా జరిగిందంతా చెప్పి, తల వంచుకుని నిలబడ్డాడు.

ముందు టీచరమ్మే నోరు విప్పింది.

"మూడో పేజీ చదవగానే తెలిసింది నాకు. లైసెన్సు ఆపేయడం నా చేత్తో ఎప్పుడూ రాయలేకపోయాను. తప్పని చెబితే బిల్లు ఆగిపోతుంది. ఈయన చూడలేదు కదా అని ఊరుకున్నాను."

వకీలుగారు కలం మూత పెట్టారు. "నేను మొదటి పేజీలోనే చూశాను. అంతమందిని కలుపుకోవాలని నాకు తట్టనే లేదు. ఆవిడ చూడలేదనుకున్నాను."

టీచరమ్మ రాజీనామా కాగితం అందుకుని చదివి, ఎర్రకలంతో ఒక చోట సున్నా చుట్టి వెనక్కిచ్చింది. "ఒత్తు తప్పింది. ఇలాంటిది ఆమోదించలేం. మీరు ముందు కూర్చోండి."

వకీలుగారు లేచి, బల్ల పొడుగునా నడిచొచ్చి, తానే కుర్చీ జరిపారు. కామాగారు కూర్చున్నాడు. తర్వాత వకీలుగారు తొమ్మిదేళ్లలో మొదటిసారి టీచరమ్మ వైపు తిరిగి, టీ తాగుతారా అని అడిగారు.

కామాగారు రెండింటికల్లా డాక్టరు దగ్గర భార్య కళ్లజోడు ఆమెకిచ్చి, కథంతా చెప్పాడు. ముప్పై రోజులా అని ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. గడువు ఇంకా రెండు రోజులుండగానే షాపులోకి ఆరు కుర్చీలొచ్చాయి.

టీచరమ్మా వకీలుగారూ ఇప్పుడు ఇంకో బిల్లు కలిసే రాస్తున్నారు. టీలో చక్కెర ఎంత వేయాలన్న దానిపై మాత్రం సభ ఇంకా వాయిదాలోనే ఉంది.