రాకెట్టు కింద సందు

"ఆకాశాన్ని జయించే మహాయజ్ఞంలో మన సమితి వెనకబడిందన్న మాట రాకూడదు!"

పంచాయతీ సమితి బి.డి.ఓ. గారు ఈ మాట అన్నది గుట్టకిందపల్లె ఊరవతలి పేటలో, బాలవాడి ముందర కుర్చీ వేయించుకొని, ఆ కుర్చీ మీద నిలబడి. నిలబడి గట్టిగా అన్నాడు గనక గొంతెండింది. గొంతెండింది గనక మంచినీళ్ళడిగాడు. పేటలో నీళ్ళెక్కడివి? ఒకామె బిందె చంకనబెట్టుకొని కుందుర్పి దోవలో ఉన్న బావిదాకా పోయింది. ఆమె తిరిగి వచ్చేదాకా ఆకాశాన్ని జయించడం ఆగింది.

రష్యావాడు మనిషిని పైకి పంపించి, మళ్ళీ బతికుండగానే కిందికి దించిన కాలమది. దేశమంతా తలెత్తి చూస్తోంది. ఈ సీమలో తలెత్తి చూడడం కొత్తేమీ కాదు. మబ్బు కోసం తాతల నాటినుంచీ చూస్తూనే ఉన్నారు. మెడలు పట్టేసినాయే గాని మబ్బు పట్టలేదు.

నీళ్ళు తాగి, మూతి తుడుచుకొని, బి.డి.ఓ. గారు చౌడమ్మను పిలిచాడు. చౌడమ్మ ఆ బాలవాడికి ఆయమ్మ. ముప్పై దాటిన మనిషి, చేతికి పని, నోటికి జవాబు ఎప్పుడూ సిద్ధం.

"చూడమ్మా, జిల్లానుంచి పెద్ద సారు వస్తున్నారు. విజ్ఞాన ప్రదర్శన పెడుతున్నాం. నీ పిల్లలచేత ఒక వ్యోమనౌక కట్టించు."

"నౌక అంటే పడవే కదా సార్? పడవ మేం యాడ చూసినాం? నీళ్ళుంటే కదా!"

"ఆ పడవ కాదమ్మా. ఆకాశంలో పోయేది. రాకెట్టు! ఆ రంగు ఇటుకలు ఇచ్చాం కదా, వాటితో కట్టించు. బాగా కడితే సరి. లేదంటే బాలవాడిని పై ఊరికి మార్చేస్తాం. బయ్యన్న గారు తమ వసారా ఇస్తామంటున్నారు."

చౌడమ్మ గబుక్కున పొయ్యికేసి చూసింది. ఎందుకంటే చెబుతాను. ఆ బాలవాడిలో పొద్దున్నే పొయ్యిమీద పెద్ద గుండిగ ఎక్కేది. పరదేశాలనుంచి వచ్చిన పాలపొడి అందులో కాగేది. పేట పిల్లలు సత్తు గ్లాసులు పట్టుకొని వరసగా కూర్చునేవాళ్ళు. రెండేళ్ళుగా పంటల్లేవు. కొన్ని ఇళ్ళల్లో పిల్లల కడుపులోకి ఆ రోజుకు పడేది ఆ పాలే. బాలవాడి పై ఊరికి పోయిందంటే గుండిగ కూడా పోతుంది. పై ఊరి వసారాలో పేట పిల్లలకు చోటు గడప బయటే. గడప బయట కూర్చున్నవాళ్ళ దాకా పాలు వస్తాయా? దోవలో బయ్యన్న దూడలున్నాయి.

పంచాయతీ ప్రెసిడెంటు బయ్యన్న ఆ మాటప్పుడు అక్కడే ఉన్నాడు. అక్కడే అంటే పేటలో కాదు. పేట మొదట్లో, రోడ్డు మీద, గొడుగు కింద. పేటలోకి ఆయన అడుగు పెట్టడు. అక్కడినుంచే కేకేశాడు.

"మా పిల్లోళ్ళు ఆడికి ఎట్లొస్తారు సార్? మడి, మైల అని నాకేం పట్టింపు లేదు. మా ఇంట్లో ఆడోళ్ళకు ఉండాది!"

ఇక ఆ ఇటుకల సంగతి. పాలపొడి డబ్బాలతో పాటు ఎక్కడో ఏ దేశపువాళ్ళో పంపిన పెట్టె అది. వేలెడంత ఇటుకలు, ఎర్రవి, పచ్చవి, తెల్లవి. తలమీద బుడిపెలు, కడుపులో గుంతలు. ఒకదానిమీద ఒకటి పెట్టి నొక్కితే కరుచుకొని కూర్చుంటాయి. వచ్చిన రోజే సమితి హుకుం వచ్చింది: పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయి, చూపించి లోపల పెట్టవలెను. కాబట్టి శుక్రవారం శుక్రవారం చౌడమ్మ పెట్టె మూత తీసేది. పిల్లలు చేతులు కట్టుకొని, నోళ్ళు తెరుచుకొని చూసేవాళ్ళు. మూత మూసేది. దీన్ని ఆటవస్తువుల ద్వారా విద్య అంటారు.

ఇప్పుడు చౌడమ్మ పెట్టె తెచ్చి చాపమీద బోర్లించింది. పిల్లలంతా టక్కున చేతులు కట్టుకున్నారు!

"చేతులు ఇప్పండ్రా. ఈ పొద్దు ముట్టుకోవచ్చు."

"కొడతావు," అంది నల్లమ్మ. ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా చేతులు కట్టుకునే ఉంది.

"కొట్టనే. సార్ చెప్పినాడు."

"సార్ కొడతాడు."

"సార్‌ను నేను కొడతాలే గాని, రా!"

అప్పుడు కదిలారు. కాని రాకెట్టు ఎట్లుంటుందో ఎవరు చూశారు? బి.డి.ఓ. గారు దుమ్ములో పుల్లతో గీసి చూపించింది అచ్చం ముల్లంగి. పేటలో చర్చి గంట కొట్టే యేసన్న వచ్చి నిలబడి, "పైకి పోయేదే కదా చెల్లెలా, మన చర్చి గోపురం మాదిరి కట్టు. పైన శిలువ పెట్టు," అన్నాడు. బయ్యన్న జీతగాడితో కబురంపాడు, శిఖరం మీద కలశం ఉండాలని, కింద తన నాయన పేరుండాలని.

"శిలువ పెడితే ఆయప్ప ఊరుకోడు, కలశం పెడితే నువ్వు ఊరుకోవు. మీ ఇద్దురూ ఎక్కి పోతారా ఏమన్నా? పోయేటోడు రష్యావోడు. ఆయప్పకు రెండూ లేవంట," అని చౌడమ్మ పైన ఒట్టి ఎర్ర ఇటుక పెట్టించింది.

ఒడ్డూ పొడుగూ కుదిరింది. కాని ఎగిరే వాలకం లేదే! నేలమీద ఆనిస్తే పొయ్యిలో పెట్టే కొరకంచులాగా ఉంది గాని ఎగిరిపోయేదానిలా లేదు. అప్పుడు చౌడమ్మకు లేపాక్షి గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో అత్తతో పోయింది. ఆ గుళ్ళో ఒక రాతికంబం నేలకు ఆనకుండా వేలాడుతుంటుంది. కిందినుంచి గుడ్డ దూర్చి అవతలికి తీస్తారు, మనసులో ఒక కోరిక చెప్పుకుంటారు. ఆమె కూడా కొంగు దూర్చింది. గాలిలో నిలబడ్డ వస్తువును ఆమె జన్మలో చూసింది అదొక్కటే. అందుకని రాకెట్టుకు మూడు చిన్న కాళ్ళు పెట్టి, కడుపు నేలకు తగలకుండా వేలెడు సందు విడిచింది. దూరంనుంచి చూస్తే కాళ్ళు కనబడవు. గాల్లో తేలుతున్నట్టే ఉంది! పిల్లలు కేరింతలు కొట్టారు.

ప్రదర్శన రోజున పెద్ద సారు వచ్చాడు, పూలమాల వేయించుకున్నాడు, టెంకాయ నీళ్ళు తాగాడు, వెళ్ళిపోయాడు. అంతవరకూ బాగానే జరిగింది. ఆ తర్వాత మన బి.డి.ఓ. గారు మైకు పట్టుకున్నాడు.

"మూఢనమ్మకాలే మనకు శత్రువులు! కప్పలకు పెళ్ళి చేస్తే వానలు పడతాయా? రాళ్ళకు మొక్కితే బావులు నిండుతాయా? ఇదిగో, ఈ వ్యోమనౌకను చూడండి! ఇదీ సైన్సు!"

జనం చూశారు. చూడమంటే చూడకుండా ఉంటారా? వంగి చూశారు. సందు కనబడింది.

ముందు యేసన్న భుజంమీది తువ్వాలు తీశాడు. ఒకవైపునుంచి దూర్చి, అవతలివైపునుంచి మెల్లగా లాగి, కళ్ళకద్దుకున్నాడు.

"ఏమప్పా యేసన్నా, నువ్వు కూడానా!" అంది చౌడమ్మ.

"ఇది దేవుడని కాదు చెల్లెలా. సందుండాది కదా అని దూర్చినా."

అతని వెనక ముసలి చిన్నక్క కొంగు దూర్చింది. ఆమె మేక తప్పిపోయి వారమైంది. చిన్నక్క వెనక వరస మొదలైంది. ఆ వరస బాలవాడి దాటి, చర్చి దాటి, పై ఊరి దోవ పట్టింది. బి.డి.ఓ. గారు మైకు పట్టుకొని ఉండగానే ఎవరో టెంకాయ కొట్టారు!

"ఇది బాలవాడా, గుడా?" అని ఆయన మండిపడ్డాడు. "చౌడమ్మా! ఇదంతా నీ పనే. సోమవారం వచ్చి సామానంతా పై ఊరికి మార్పిస్తాను. ఇటుకలు, గుండిగ, అన్నీ!"

చౌడమ్మ కాళ్ళా వేళ్ళా పడింది. "మొక్కమని నేను చెప్పలేదు సార్. అంటుకోకుండా కట్టినానంతే." ఆయన జీపెక్కాడు.

ఇంతలో ఏం జరిగిందంటే, చిన్నక్క మేక తిరిగొచ్చింది. ఆకలైతే మేకలు తిరిగొస్తాయి, అది వేరే సంగతి. ఆదివారం నాలుగు చినుకులు పడ్డాయి. కోడి ఈక తడవలేదు, అదీ వేరే సంగతే. రాకెట్టు కింద గుడ్డ దూరిస్తే పని అవుతుందన్న మాట కుందుర్పి సంతదాకా పాకింది.

సోమవారం నడిపొద్దున జీపు వచ్చింది. పిల్లలు పాలు తాగి చాపలమీద నిద్రపోతున్నారు. చౌడమ్మ గుండిగ తోముతోంది. ఇదే ఆఖరుసారి తోమడమని కళ్ళనీళ్ళతోనే తోముతోంది. ఆ లెక్కన నీళ్ళు ఆదా.

బి.డి.ఓ. గారు అటూ ఇటూ చూశాడు. "చౌడమ్మా, పాపం డ్రైవరు దాహంతో ఉన్నాడు. నీళ్ళిచ్చి రా. నిదానంగా ఇచ్చి రా."

ఆమె వాకిలి దాటింది. దాటాక చెంబు మరిచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి వాకిట్లోనే కొయ్యబారిపోయింది.

సమితి అధికారి మోకాళ్ళమీద ఉన్నాడు! జేబులోని చేతిరుమాలు తీసి, రాకెట్టు కింద దూర్చి, కళ్ళు మూసుకొని గొణుగుతున్నాడు.

"గుంటూరు జిల్లా... పోనీ కృష్ణా... కాలవ పారే ఊరు ఏదైనా సరే. ఈ కరువునుంచి బదిలీ చేయించు తండ్రీ..."

తండ్రి విన్నాడో లేదో గాని రుమాలు అంచు రాకెట్టు కాలికి తగులుకుంది. ఆయన గుంజాడు. రాకెట్టు ఫెళఫెళా కూలింది! ఇటుకలు చాపలమీద చెల్లాచెదురయ్యాయి. పిల్లలు ఉలిక్కిపడి లేచారు. లేచి, ఇటుకలు కనబడగానే, అలవాటు చొప్పున చేతులు కట్టుకున్నారు.

నల్లమ్మ ఆవులిస్తూ, "సార్, అట్ల గుంజకూడదు. మెల్లగా తీయాల. మా అవ్వ కూడా నీకన్నా బాగా తీసింది," అంది.

ఆయన తలెత్తేసరికి ఎదుట చౌడమ్మ.

"నేను... కింద ఎంత ఎత్తు ఉందో కొలుస్తున్నానమ్మా."

"అవును సార్. ఊరంతా అదే కొలుస్తాండాది."

ఆయన ముఖం పాలిపోయింది. సిగ్గుతో కాదు. కోరిక సగంలో తెగిపోయినందుకు! కాలవలు, కొబ్బరి చెట్లు, చేపల పులుసు, అన్నీ చాపమీద ముక్కలై పడి ఉన్నాయి. "కట్టండి! త్వరగా కట్టండి! ఎట్లా ఉందో అట్లాగే!"

"పిల్లోళ్ళు ముట్టుకుంటే పాడవుతాయి అంటిరి కదా సార్?"

"ఎవరన్నారు? ముట్టుకోవడానికే కదమ్మా పంపింది! చేతులు విప్పండ్రా బాబూ!"

పిల్లలు చుట్టూ మూగారు. బి.డి.ఓ. గారు చాపమీద చతికిలబడి ఎర్ర ఇటుకలు ఏరి ఇస్తుంటే నల్లమ్మ, "అది కాదు సార్, పచ్చది," అని తిరిగి ఇస్తోంది. సరిగ్గా అప్పుడు వాకిట్లో నీడ పడింది.

బయ్యన్న! చెప్పులు బయట వదిలేసి, చేతిలో కొత్త కండువా పట్టుకొని. వెనక ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ, కొంగు కింద టెంకాయ. వాళ్ళ బావి ఎండి నెలవుతోంది. పేట మొదట్లో ఆగిపోయే ఆ పాదాలు పేట నడిబొడ్డుకు ఎట్లా వచ్చాయో, ఏ మడి వాటిని ఆపలేకపోయిందో!

అధికారి ప్రెసిడెంటును చూశాడు. ప్రెసిడెంటు అధికారిని చూశాడు. ఇద్దరి చేతుల్లోనూ గుడ్డలున్నాయి.

"శుభ్రత ఎట్లుండాదో చూద్దామని వచ్చినా సార్," అన్నాడు బయ్యన్న.

"నేను కొలతకు వచ్చాను," అన్నాడు బి.డి.ఓ.

"టెంకాయ ఎందుకు సామీ?" అంది చౌడమ్మ.

"దోవలో దప్పికైతే తాగుదామని," అంది వెంకటలక్ష్మమ్మ. ఆమె ఇంట్లో ఆడోళ్ళ పట్టింపు గురించి ఆమెనే ఎవరూ అడగలేదు గనక, అప్పటికే వచ్చి పిల్లల మధ్యన చాపమీద కూర్చుంది. కూలిన రాకెట్టును చూసి, "అయ్యో, ఎవురు చేసినారు ఈ పాపం?" అంది. బి.డి.ఓ. గారు ఇటుకలకేసి తల వంచుకున్నాడు.

రాకెట్టు మళ్ళీ లేచింది. కింద సందుతో సహా. చౌడమ్మ గుండిగను చేతుల్లోకి తీసుకొని నిలబడింది.

"మరి సామానెత్తమంటారా సార్? ముందు రాకెట్టు ఎత్తాల్నా, గుండిగ ఎత్తాల్నా?"

"ఎత్తొద్దు!" ఇద్దరు మగవాళ్ళూ ఒకేసారి అరిచారు.

"ఈడనే ఉండనీ సార్," అన్నాడు బయ్యన్న. "జాగా మారిస్తే మహిమ పోతాది."

"మహిమ అనకండి బయ్యన్న గారూ. మనం చదువుకున్నవాళ్ళం. సాంకేతిక కారణాల వల్ల అనండి." ఆ మాటతోనే హుకుం వచ్చింది: సాంకేతిక కారణాల వల్ల బాలవాడి ఉన్నచోటనే ఉండును.

ఏడాది తిరక్కుండానే బి.డి.ఓ. గారికి కాలవ పారే ఊరికి బదిలీ అయింది. బి.డి.ఓ.లకు బదిలీలు కావడం కూడా వేరే సంగతే, ఎవరు వింటారు? కొత్తాయన వచ్చాడు. కుర్చీమీద నిలబడి మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడాడు. దిగుతూ చౌడమ్మ చెవిలో, "ఆ రాకెట్టు ఎక్కడుంది? తనిఖీ చేయాలి," అన్నాడు. చేతిరుమాలు ఇస్త్రీ చేసి ఉంది.

లోపల ఉన్నది పాత రాకెట్టు కాదు. అది ఎప్పుడో పోయింది. రోజూ పొద్దున పాలు తాగాక పిల్లలు దాన్ని పీకేసి కొత్తది కడతారు. ఒకరోజు రెండు తలలది, ఒకరోజు తోకది, ఒకరోజు అచ్చం చిన్నక్క మేకలాంటిది. వచ్చే పెద్దమనుషులు దేనికైనా సరే వంగుతారు. అసలు పైకి చూసినవాడెవడు?

ఆ పొద్దు నల్లమ్మ కట్టిన రాకెట్టు మరీ పొట్టిగా ఉంది, నేలకు కరుచుకొని కూర్చుంది. బయట కొత్త బి.డి.ఓ. గారి చెప్పుల చప్పుడు. చౌడమ్మ గబగబా వచ్చి చూసి, ఆ పిల్ల నెత్తిన చిన్న మొట్టికాయ వేసింది.

"నీకు ఇష్టమొచ్చినట్ల కట్టుకోవే తల్లీ. మేకను కట్టు, దయ్యాన్ని కట్టు. కింద గుడ్డ దూరేంత సందు మాత్రం ఇడ్సి కట్టు. మన పాలు ఆ సందులోనుంచే వస్తాండాయి."