పదిహేను చుక్కల కుట్ర

బద్రీనాథ్ పొద్దుటి కార్యక్రమం ఎప్పుడూ ఒకటే. చన్నీళ్ళ స్నానం, ఆంజనేయుడి గుడి, నాలుగు ఇడ్లీలు, ఆ తర్వాత ఆఫీసు. ధనుర్మాసం వస్తే దీనికి ఇంకో పని చేరుతుంది. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు సింగపూరు పోయే గులాబీల రేటును బెంగళూరు ఏజెంటుకు ఈమెయిల్లో పంపాలి. హోసూరులో ఎవరు ఎవర్ని ప్రేమించినా ఆయనకు పట్టదు గానీ, సింగపూరులో మాత్రం జనం కలకాలం ప్రేమించుకుంటూ ఉండాలని ఆయన మనసారా కోరుకునేవాడు.

చిక్కల్లా ఏమిటంటే, రెండేళ్ళుగా ఆ ఆర్డరు బాగలూరు చెన్నకేశవకు పోతోంది. అతనిదీ గులాబీల వ్యాపారమే. బద్రీనాథ్ ఏ రేటు పంపినా చెన్నకేశవ రేటు కట్టకు సరిగ్గా అర్ధరూపాయి తక్కువ ఉంటోంది. ఒక ఏడాదైతే అతని అదృష్టం అనుకోవచ్చు. రెండో ఏడు కూడా అదే అర్ధరూపాయి అయ్యేసరికి, మన ఆఫీసులోంచే ఎవరో రేటు మోస్తున్నారని బద్రీనాథ్ తేల్చుకున్నాడు. ఈసారి కూడా ఆర్డరు పోతే గులాబీలు పెంచే షెడ్లలో సగం అమ్ముకోవడం తప్పదు.

బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. దొంగను పట్టడానికి బద్రీనాథ్ తన బావమరిది కొడుకు మోహిత్‌ను పిలిపించాడు. మోహిత్ బెంగళూరులో ఏదో కోర్సు చేశాడు. దాని పేరు మరీ పొడుగ్గా ఉండడం వల్ల అదేమిటని బంధువుల్లో ఎవరూ అడగలేదు. అతను వస్తూ వస్తూ ఒక నల్లటి పెట్టె తెచ్చి, ఆఫీసులోని మూడు కంప్యూటర్లకూ బయటి ప్రపంచానికీ మధ్య కూర్చోబెట్టాడు. ఏ మెయిలు పోవాలన్నా దాని గుండానే పోవాలి. అంకెలున్న మెయిలైతే అది ఆపి మోహిత్‌కు చూపిస్తుంది. వైరస్ వస్తే వాకిట్లోనే పట్టుకుంటుంది.

"మామా, ఇంక మీ ఆఫీసులోంచి దోమ బయటికి పోవాలన్నా నన్ను అడిగే పోవల్ల," అన్నాడు మోహిత్.

ఆ మధ్యాహ్నమే పెట్టె ఒక మెయిలును పట్టింది. పంపింది రేణు. ఉద్దనపల్లిలో గొర్రెలు మేపే పాపన్న కూతురు. ఐదేళ్ళుగా ఆ ఆఫీసులో రేట్లు టైపు కొట్టేది, ఏ షెడ్డులో ఏ వారం ఎన్ని పూలు కోతకొస్తాయో లెక్క కట్టేది ఆమే. మెయిలు పోతున్నది కృష్ణగిరిలో ఉన్న చైత్ర అనే స్నేహితురాలికి. అందులో ఇలా ఉంది: "15 నుంచి 8. రేపటిది 13 నుంచి 7. నడిమధ్య దాన్ని వదిలిపెట్టు. ఎవరికీ చూపించొద్దు."

మోహిత్ దాన్ని అచ్చు తీసి, ఎర్ర పెన్నుతో చుట్టూ గీతలు గీసి, తలుపు మూసి మామకు చూపించాడు. పదిహేనులోంచి ఎనిమిది తీస్తే ఏడు. పదమూడులోంచి ఏడు తీస్తే ఆరు. ఏడుకూ ఆరుకూ మధ్య ఉన్నది ఆరున్నర, అంటే అర్ధరూపాయి దొరికినట్టేనని వివరించాడు. బద్రీనాథ్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని నమ్మడం ఆయనకు మొదట్నుంచీ అలవాటే.

రేణును పిలిచి అడిగారు.

"ముగ్గు సార్," అంది ఆమె. "పదిహేను చుక్కలతో మొదలుపెట్టి ఎనిమిది దాకా తగ్గించుకుంటా పోవల్ల. చైత్ర వాళ్ళ వీధిలో పోటీ పెట్టినారు. అందుకే ఎవరికీ చూపించొద్దంటి."

"రేటు మోసేవాళ్ళు రేటని చెప్తారా మామా?" అన్నాడు మోహిత్. "ముగ్గనే చెప్తారు."

మేడ మీద ఉన్న భార్య పుష్పవతిని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ ఆఫీసు విషయాలు మెట్లెక్కకూడదని బద్రీనాథ్ నియమం. ఆ పొద్దున ఆయన గుడికి పోతూ తన ఇంటి వాకిట్లో దాటింది కూడా పదిహేను చుక్కల ముగ్గే. పంచె తడవకుండా ఎత్తి పట్టుకుని మరీ దాటాడు.

"నేను దొంగను కాదు సార్. ఈ మాట ఊళ్ళో పడితే హోసూరులో నాకు ఇంకెవరు పనిస్తారు?" అని రేణు అడిగింది. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. పోయే ముందు కంపెనీ సమాచారం ఏమైనా తీసుకుపోతోందేమోనని మోహిత్ ఆమె సంచి దులిపి చూశాడు, టిఫిన్ డబ్బా మూత తీయించాడు. అడుగున మిగిలిన చిత్రాన్నాన్ని చెంచాతో కెలికి కూడా చూశాడు. ఆఫీసులో అందరికీ కడుపు మండింది గానీ, జీతం తీసుకునేవాళ్ళ కడుపు చప్పుడు లేకుండానే మండుతుంది.

మర్నాడు బద్రీనాథ్ రేటును తానొక్కడే నిర్ణయించాడు. ఎవరికీ చెప్పకుండా గుడికి వెళ్ళి దేవుడికి మాత్రం విన్నవించుకున్నాడు. ఆఫీసుకొచ్చి ఒంటి వేలితో తానే మెయిలు కొట్టాడు. మోహిత్ మిగతా రెండు కంప్యూటర్ల తీగలు పీకేసి తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు. అంకెలున్నాయి కాబట్టి పెట్టె ఆ మెయిలునే దొంగతనం కింద పట్టుకుంది. దాన్ని విడిపించి పంపేసరికి మధ్యాహ్నమైంది.

సాయంత్రం ఏజెంటు ఫోను చేశాడు. చెన్నకేశవ రేటు అర్ధరూపాయి తక్కువే. అయితే సింగపూరు వాళ్ళు ఆర్డరు రెండింతలు చేశారట. ఎల్లుండి సాయంత్రంలోగా కొత్త రేటూ, షెడ్డుల వారీగా ఏ వారం ఎన్ని పూలిస్తారో ఆ లెక్కా పంపితే మళ్ళీ చూస్తామన్నారట. లెక్క లేకుండా ఉత్త రేటు పంపితే తెరిచి కూడా చూడరట.

ఇంకో అవకాశం దొరికిందని బద్రీనాథ్ సంతోషించాడు. మోహిత్ మాత్రం దిగులుగా మొహం పెట్టాడు.

"మనిషిని పంపించినా రేటు పోయిందంటే పురుగు మిషన్లోనే ఉంది మామా. మొత్తం కడిగేయల్ల," అన్నాడు.

మర్నాడంతా కూర్చుని కడిగేశాడు. మూడు కంప్యూటర్లనూ కొన్ననాటి స్థితికి తెచ్చాడు. పురుగు ఉందో లేదో తెలియదు గానీ ఐదేళ్ళ షెడ్డుల లెక్క దానితోపాటే పోయింది. కడగడానికి ముందు అందులో ఏమున్నాయో ఎవరూ అడగలేదు. చెప్పగలిగిన మనిషి ఉద్దనపల్లిలో గొర్రెలకు నీళ్ళు పెడుతోంది.

ఆ రాత్రి మోహిత్‌కు కొత్త అనుమానం పుట్టింది. మిషన్ కాదు, రేణు కాదు. మరి రేటు తెలిసింది ఇంకెవరికి? తెల్లవారుజామున బద్రీనాథ్ గుడికి బయలుదేరితే, తోడొస్తానని చెప్పి కారెక్కాడు. మామ లోపలికి పోయాక, ఎవరితో మాట్లాడతాడో చూద్దామని అద్దం దించి కూర్చున్నాడు.

పూజారి సంకల్పం మొదలుపెట్టాడు. గోపురం మీది మైకులోంచి అది బస్టాండు దాకా మోగింది. గోత్రం అయింది, నక్షత్రం అయింది. "బద్రీనాథ నామధేయస్య, కట్ట నలభై రూపాయల చొప్పున, సింగపూరు ఆర్డరు శీఘ్రమేవ సిద్ధ్యర్థం..."

మోహిత్ తల బయటికి పెట్టి చూశాడు. గుడి ఎదురుగా ఉన్న హోటల్లో చెన్నకేశవ పొంగల్ తింటూ కనిపించాడు. మోహిత్ ఒక్క పరుగున రోడ్డు దాటి, దొంగతనంగా మా రేటు వింటారా అని నిలదీశాడు.

"చెవులు మూసుకోని పొంగల్ తినల్లేమప్పా?" అన్నాడు చెన్నకేశవ. "ఊరంతా ఇంటాఉంది. మూడేండ్లుగా ధనుర్మాసమంతా ఈడనే టిఫిన్ నాకు."

బద్రీనాథ్ బయటికొచ్చి సంగతి విని, మళ్ళీ లోపలికి పోయి పూజారి మీద విరుచుకుపడ్డాడు. పూజారి నెమ్మదిగా చెప్పాడు. దేవుడు ఊహించుకునే అవసరం లేకుండా రేటు స్పష్టంగా చెప్పమన్నది బద్రీనాథే. ఇక మైకు అంటారా, అది గుడికి మూడేళ్ళ కిందట ఒక భక్తుడు ఇచ్చిన విరాళం. గొట్టం మీద ఎర్ర రంగుతో భక్తుడి పేరు కూడా రాయించాడు. బద్రీనాథ్ తలెత్తి చూసి తన పేరు తానే చదువుకున్నాడు.

ఇంటికొచ్చాక సంగతి మెట్లెక్కక తప్పలేదు. పుష్పవతి అంతా విని భర్త ముందు ఇడ్లీ పళ్ళెం పెట్టింది.

"ఆ పదిహేను చుక్కలది నాకు నేర్పించింది రేణునే. దినమూ దాన్ని దాటుకోనే గదా గుడికి పోయేది. ముగ్గు ఏదో రేటు ఏదో తెలియనోళ్ళకు కంపెనీ ఒకటి," అంది.

అయినా అంతా మించిపోలేదు. దేవుడికి చెప్పిన నలభై చెన్నకేశవకు తెలుసు కాబట్టి, అతను ముప్పై తొమ్మిదిన్నర పంపుతాడు. ముప్పై తొమ్మిది పంపితే ఆర్డరు తనదే. కావలసిందల్లా షెడ్డుల లెక్క. అది ఉన్నది రేణు బుర్రలో. క్షమాపణ చెప్పి, జీతం పెంచి, సాయంత్రంలోగా ఆమెను తెచ్చుకోవాలి. మామా అల్లుళ్ళు ఆపిళ్ళు, హార్లిక్స్ కొనుక్కుని ఉద్దనపల్లి పోయారు.

పాపన్న గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నాడు. వాళ్ళను కూర్చోమనలేదు.

"అమ్మి ఇప్పుడే బస్సు దిగింది. బాగలూరులో పనికి చేరింది," అన్నాడు.

ఎవరి దగ్గరని బద్రీనాథ్ అడగనక్కర్లేకపోయింది. దొంగ అని పేరు పడ్డ పిల్లను పనిలో పెట్టుకోవాలంటే, ఆమె దొంగ కాదని ఖాయంగా తెలిసి ఉండాలి. అలాంటి యజమాని ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు.

రేణు బయటికొచ్చింది. బద్రీనాథ్ తప్పయిందన్నాడు. మోహిత్ తల దించుకున్నాడు. ఆమె విని, ఆపిళ్ళను తిరిగి కారు సీట్లో పెట్టింది.

"పోనీ, మా షెడ్డుల లెక్క ఒక్కటి చెప్పమ్మా," అన్నాడు బద్రీనాథ్. "నీకు నోటికొచ్చు గదా."

"మీ లెక్కలన్నీ మీ కంప్యూటర్లోనే వదిలేసి వచ్చినాను సార్," అంది రేణు. "నేనేమీ తీసుకోని పోలేదని మోహిత్ సారే గదా డబ్బా మూత తీసి చూసినారు."

వాళ్ళు ఆఫీసుకు తిరిగొచ్చేసరికి చీకటి పడింది, సింగపూరు గడువు దాటింది. మోహిత్ పెట్టె ఆ వారం నివేదిక అచ్చు తీసి ఉంచింది: కంపెనీ నుంచి విలువైనదేదీ బయటికి పోలేదు.