చేపకు మంజూరైన సెలవు

బకెట్ల కంపెనీ యజమానిగారికి పట్టువిడుపులు బొత్తిగా లేవని, రక్తపోటు అందుకే పెరుగుతోందని డాక్టరు తేల్చారు. మందుగా ఒక దీవిని రాసిచ్చారు. ఎవరో ధనికుడి సొంత దీవి. కొబ్బరిచెట్ల మధ్య చెక్క బంగళా, చుట్టూ వెచ్చటి సముద్రం, వారం రోజులు చేపలవేట. అక్కడి పద్ధతి ప్రకారం చేపను పట్టాలి, ఫొటో దిగాలి, తిరిగి నీళ్లలో వదిలెయ్యాలి. పట్టూ ఉంది, విడుపూ ఉంది. ఇంతకన్నా శాస్త్రీయమైన వైద్యం ఉండదని కంపెనీలో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోవడం అలవాటైనవాళ్లు అప్పటికే కంపెనీలో లేరు.

యజమానిగారి వెంట టైపిస్టు కూడా వెళ్లాడు. గాలానికి ఎర గుచ్చడం, గొడుగు పట్టడం, అవసరమైనప్పుడు ఆశ్చర్యపోవడం అతని బాధ్యతలు. ఇంటి దగ్గర అతని భార్యకు నెలలు నిండాయి. తొలి కాన్పు. సెలవు కావాలని అడిగితే యజమానిగారు కోప్పడలేదు. "కనేది ఆవిడ కదయ్యా, నువ్వెళ్లి ఏం చేస్తావ్?" అని మాత్రం అడిగారు. ప్రశ్నలో తప్పు పట్టడానికేమీ లేదు.

దీవిలో బంగళా మేనేజరమ్మ చల్లటి తువాళ్లతో స్వాగతం పలికి, చేపల హక్కులు వివరించింది. చేపను తడిచేతులతోనే తాకాలి. దాని ఎదుట గొంతు పెంచకూడదు. గాలం గుచ్చుకున్నచోట లేపనం రాయాలి. ఆదివారం చేపలకు విశ్రాంతి. ఇక కడుపుతో ఉన్న చేప పడితే ఉన్నపళంగా వదిలెయ్యాలి. టైపిస్టు ఇదంతా పక్క కంపెనీ జీతభత్యాల గురించి విన్నంత శ్రద్ధగా విన్నాడు.

మర్నాడే గాలం అతని బొటనవేలికి దిగింది. లేపనం చేపలకు మాత్రమేనని మేనేజరమ్మ ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. ఆదివారం చేపలు విశ్రాంతి తీసుకుంటుంటే అతను ఆ వేలితోనే యజమానిగారి ఉత్తరాలు టైపు చేశాడు.

వారం గడిచింది. యజమానిగారికి ఒక్క చేపా పడలేదు. పడేదాకా కదిలేది లేదని ఆయన భీష్మించారు. దీవి మొత్తానికి ఉన్న ఒక్క ఫోను వంటగదిలో ఉండేది. టైపిస్టు అక్కణ్ణుంచి ఇంటికి ఫోను చేస్తే, భార్య తన నొప్పుల సంగతి పక్కనపెట్టి, "ఏవండీ, పడిందా?" అని అడిగేది. వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించేది. "అల్లుడుగారిని ఆ చేపతోనే కాపురం పెట్టెయ్యమనవే." పుట్టబోయే బిడ్డకంటే ముందు ఆ చేప రావాలని ఇంటిల్లిపాదీ దేవుణ్ణి వేడుకుంటున్నారు.

చివరికి పడింది. పడవలోకి లాగి చూస్తే పొట్ట నిండా గుడ్లు. వదిలెయ్యమంది మేనేజరమ్మ. "నా చేప, నేనెందుకు వదలాలి?" అన్నారు యజమానిగారు. ఇంతలో ఆమె ఫొటోల కెమెరాతో వీడియో తీయడం మొదలుపెట్టింది. ఆయన ముఖంలోకి మెల్లగా కరుణ వచ్చింది.

"ఇది తల్లి కాబోతోంది. ఇలాంటప్పుడు దీన్ని తనవాళ్ల దగ్గర ఉండనివ్వకపోతే మనం మనుషులమేనా?" అన్నారు.

చేపను పట్టుకుని నిలబడ్డ టైపిస్టు కళ్లు చెమర్చాయి. చేప మీద జాలి కాబోలనుకున్నారు పడవలోవాళ్లు. దాన్ని నీళ్లలోకి జార్చాక, తడిచేతులు తుడుచుకోకుండానే అతను ధైర్యం కూడగట్టుకున్నాడు.

"సార్, మా ఆవిడకీ నెలలు నిండాయి. సాయంత్రం పడవకి వెళ్లొస్తాను."

వీడియో ఇంకా నడుస్తోంది. యజమానిగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"చేపనే వదిలినవాణ్ణి, నిన్ను పట్టుకుంటానా? వెళ్లవయ్యా. పెళ్లాం బిడ్డలతో హాయిగా ఇంటిపట్టునే ఉండు. మళ్లీ రానక్కర్లేదు."

పడవలో అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటుకొద్దీ టైపిస్టు కూడా కొట్టాడు. మాట అర్థమయ్యాక ఆపాడు.

ఆడపిల్ల పుట్టేవేళకు అతను ఇల్లు చేరాడు. అంత త్వరగా వచ్చేసినందుకు అత్తగారు సంతోషించింది. ఎప్పుడు తిరిగి వెళ్తాడని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. యజమానిగారి రక్తపోటు అదుపులోకి వచ్చింది. ఉద్యోగికి జీవితకాలపు సెలవిచ్చిన దయామయుడంటూ ఆ వీడియో ఊళ్లు తిరుగుతోంది. ఉంటే ఇలాంటి యజమాని ఉండాలని చూసినవాళ్లంతా రాస్తున్నారు. ఖాళీ అయిన టైపిస్టు కుర్చీకోసం దరఖాస్తులు మూటలు మూటలుగా వచ్చిపడుతున్నాయి.

మీరు పంపినదీ అందింది.