కొబ్బరినీళ్ళ పరీక్ష

విశ్వకర్మ పూజనాడు పది గంటల్లోపు ప్రపంచాన్ని ఉద్ధరించెయ్యాలని సాయిరాం అనుకున్నాడు. 2004 నాటి మాట. రాయగడలో మేకులూ బోల్టులూ అమ్మే చంద్రశేఖరం గారి కొడుకతను. మనం రాసే ఆదేశాలను కంప్యూటరుకు అర్థమయ్యే అంకెల్లోకి మార్చే అసెంబ్లర్‌ను దేశదేశాలవాళ్ళు కలిసి ఉచితంగా తయారుచేస్తుంటే, నేనూ ఓ చెయ్యి వేస్తానని ముందుకొచ్చాడు. ఆ ఉదయం పదింటిలోపు ఒక సవరణ, దాన్ని పరీక్షించడానికి ఒక నమూనా ప్రోగ్రాం పంపితే కృతజ్ఞతల జాబితాలో పేరు వేస్తామన్నారు. ఆ సంగతి అప్పటికే బజారంతా చాటేశాడు, పాపం.

"జీతమెంతరా?" అంది తల్లి సూర్యావతి.

"జీతం లేదమ్మా. పేరేస్తారు."

"పేరుకి మన కొట్టు బోర్డు సాలదేటి?"

అతను స్నానం చేసి వచ్చేసరికి కొంప మునిగింది. కొట్లో తక్కెడకూ సుత్తులకూ చేసినట్టే కంప్యూటరుకూ పూజ అయిపోయింది. ప్రతి మీట మీదా కుంకుమబొట్టు. కొబ్బరినీళ్ళు సగం గిన్నెలో, సగం కీబోర్డులో.

"ఏటి సేసేవమ్మా!"

"పూజ సేసేను. ఈ రోజు పనిముట్లు ముట్టకూడదు. రేపు సేసుకో."

ఆవిడ ప్రసాదం పంచడానికి వెళ్ళగానే సాయిరాం కీబోర్డు తుడిచి, నమూనా ప్రోగ్రాం చివరిసారి తెరిచాడు. నొక్కిన మొదటి మీట పైకి లేవలేదు. ఒకే అక్షరం పేజీలకు పేజీలు పరుచుకుపోయింది. చెరుపుదామంటే చెరిపే మీట కదలనే లేదు. సరే, పాత ప్రతి పంపుదామని వెతుకుతుంటే వెనక గాజులు గలగలమన్నాయి.

"ముట్టేసేవేటిరా!"

ఉలిక్కిపడి మౌసుతో 'పంపు' అన్నచోట నొక్కేశాడు. సవరణతోపాటు ఆ అక్షరాల చాంతాడూ వెళ్ళిపోయింది. ఆ రోజంతా అతనికి అన్నం సయించలేదు. బజారులో మొహం ఎలా చూపించాలి?

మర్నాడు కొత్త కీబోర్డు తగిలించి చూస్తే జవాబు వచ్చి ఉంది. "మీ సవరణ మొన్ననే మరొకరు పంపారు, అక్కర్లేదు. కానీ మీ నమూనా ప్రోగ్రాం! అంత పొడుగు పదం మింగలేక మా అసెంబ్లర్ కుప్పకూలింది. రెండేళ్ళుగా వెతుకుతున్న లోపం దొరికింది. ఇంత గొప్ప పరీక్ష ఎవరు తయారుచేశారు?"

సాయిరాం సంబరంగా "నేనే" అని కొట్టబోయాడు.

"ఏటడిగేరు?" అంది వెనక నుంచున్న సూర్యావతి. అతను చెప్పక తప్పలేదు. "నిజమే రాయి," అందావిడ. "పూజ సేసిన యంత్రం మీద అబద్ధాలాడితే కళ్ళు పోతాయి."

రాశాడు. కొత్త జాబితాలో "సూర్యావతి, రాయగడ" అని వచ్చింది. చంద్రశేఖరం గారు దాన్ని పటం కట్టించి కొట్లో తగిలించారు. సాయిరాం పేరు ఎక్కడా లేదు.

మరుసటి ఏడాది పూజకు సూర్యావతి రెండు కొబ్బరికాయలు తెప్పించింది.